ఇంట్లో ఏముంది?

(సొసైటీ వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)





నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు "షుక్ర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. సరేనన్నాను. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే కొంచెం భయం వేసింది. ఈ హాల్లో సగం మంది ఇవ్వడానికి వచ్చారు, సగం మంది తీసుకోవడానికి వచ్చారు. ఇలాంటి చోట కృతజ్ఞత అనే మాట ఎత్తితే అందరి కళ్ళూ తీసుకునేవాళ్ళ వైపే తిరుగుతాయి. వాళ్ళు తల వంచుకుంటారు. అలా తల వంచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని ముందు నా సంగతే చెబుతాను.

మాది పల్నాడులో ఒక పల్లె. మమ్మల్ని దూదేకులవాళ్ళు అంటారు, నూర్‌బాషాలని కూడా అంటారు. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పల్లెలో మేం సాయిబులం. పట్నం వస్తే ఉర్దూ రాని సాయిబులం. రెండు చోట్లా ఒక మెట్టు కిందే. మా నాన్న భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఆ విల్లు దాదాపు మనిషంత ఉండేది. దాని నరాన్ని కొయ్యతో కొడితే వచ్చే చప్పుడు విని, వీధి చివర ఉన్నప్పుడే పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. పరుపులో దూది నాలుగేళ్ళకు గడ్డలు కడుతుంది. కుట్లు విప్పి, దూది తీసి ఎండలో వేసి, విల్లు నరం కింద పెట్టి కొడితే ఆ గడ్డలు విడిపోయి మళ్ళీ మేఘంలా పొంగుతుంది. తర్వాత గలీబులో నింపి దబ్బనంతో టాకాలు వెయ్యాలి. సాయంత్రానికి నాన్న కనుబొమ్మలు, మీసాలు తెల్లగా అయిపోయేవి. తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాడు గానీ దగ్గు మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. ఇప్పుడు ఫోమ్ పరుపులు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, ఆ చప్పుడు వినక చాలా ఏళ్ళయింది.

నేను ఆరో తరగతిలో ఉండగా, 1976లో అనుకుంటాను, పట్నంలో ఒక పెద్దాయన పేద పిల్లలకు బట్టలు, నోటు పుస్తకాలు పంచారు. మంచి మనిషి. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది ఆయన చెడ్డవాడని చెప్పడానికి కాదు. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని మైకులో చెప్పించారు. నా వంతు వచ్చింది. "దూది ఏకుతాడు" అన్నాను. ఎవరో నవ్వారు. వెనక ఇంకొందరు నవ్వారు. ఫొటో తీసేవాడు ఫ్లాష్ సరిగ్గా పడలేదని నన్ను మళ్ళీ నిలబెట్టి, ఆ మూట మళ్ళీ నా చేతుల్లో పెట్టించాడు. "నవ్వు పాపా" అన్నాడు.

ఇంటికొచ్చి మూట మూలకు విసిరాను. నాన్న అడిగితే చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. గుడ్డ విప్పి చూశాడు. "మంచి గుడ్డే" అన్నాడు. వారం గడిచాక విల్లు భుజాన వేసుకుని, కొయ్య నా చేతికిచ్చి, ఆ పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాడు. "అయ్యగారూ, మీ ఇంట్లో పాత పరుపులుంటే ఏకి పెడతాను. డబ్బులొద్దు" అన్నాడు. ఆయన ముందు ఒప్పుకోలేదు. మా నాన్న కదల్లేదు. చివరికి లోపలి గది నుంచి ఆయన తల్లి పరుపు తెచ్చి వేశారు. ఆవిడ ఏడాదిగా మంచం మీదే ఉన్నారట. పరుపు ఎలా ఉందంటే, చేత్తో నొక్కితే రాళ్ళ మీద నొక్కినట్టుంది. మధ్యాహ్నం దాకా కొట్టాడు నాన్న. నేను ఎండలో దూది తిరగేశాను. సాయంత్రం ఆ ముసలమ్మను మళ్ళీ పడుకోబెట్టాక ఆవిడ నన్ను పిలిచి తల నిమిరారు. వీపు కింద ఇంత మెత్తగా ఉండి ఎన్నాళ్ళయిందో అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగాను, అప్పు తీర్చేశామా నాన్నా అని. "అప్పేంటి? ఆయన దగ్గర గుడ్డ ఉంది, ఇచ్చాడు. నా దగ్గర విల్లు ఉంది" అన్నాడు. మర్నాడు ఆ గుడ్డతో అమ్మ నాకు లంగా కుట్టింది. అది వేసుకుని బడికి వెళ్ళాను.

చాలా ఏళ్ళకు, టీచరు ఉద్యోగంలో చేరాక, అబూ దావూద్ హదీసు సంకలనంలో అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన చదివాను. మీలో చాలామంది జుమా ప్రసంగాల్లో విన్నదే. ఒక అన్సారీ వచ్చి దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని సాయం అడిగాడు. అడుక్కోకూడదు, కష్టపడాలి అని చెప్పడానికే మనం ఈ సంఘటనను వాడుకుంటాం. గొడ్డలి దగ్గరికి తొందరగా వెళ్ళిపోతాం. కానీ మొదట ఏం జరిగిందో చూడండి. ప్రవక్త (స) ఆ మనిషిని నీకు ఏం లేదు అని అడగలేదు. ఇంట్లో ఏముంది అని అడిగారు. అతను ఒక దుప్పటి ఉందన్నాడు. దాన్నే సగం కప్పుకుంటారు, సగం పరుచుకుంటారు. నీళ్ళు తాగే గిన్నె ఒకటి ఉందన్నాడు. ఆ రెండూ తెప్పించి, స్వయంగా తమ చేతుల్లోకి తీసుకుని, పదిమంది ముందు వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, ఇంకెవరైనా ఎక్కువ ఇస్తారా అని మళ్ళీ మళ్ళీ అడిగి రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఆ మనిషి దృష్టిలో అవి చెప్పుకోదగ్గ వస్తువులే కావు. ప్రవక్త (స) వాటికి ధర పెంచారు.

తర్వాత ఒక దిర్హమ్‌తో ఇంటివాళ్ళకు తిండి కొని ఇచ్చి రమ్మన్నారు. రెండో దానితో గొడ్డలి కొనుక్కుని తీసుకురమ్మన్నారు. ముందు తిండి, తర్వాత గొడ్డలి. ఆ గొడ్డలికి పిడి తమ చేతులతోనే బిగించి ఇచ్చారు. వెళ్ళి కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనిపించొద్దు అన్నారు. అతను తిరిగొచ్చేనాటికి పది దిర్హమ్‌లు సంపాదించాడు.

ఇది చదివిన రోజు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. ఆయన చదువుకోలేదు. ఈ హదీసు విని ఉంటాడో లేదో కూడా నాకు తెలియదు. కానీ ఇంట్లో ఏముంది అని ఆయన తనను తాను అడుక్కున్నాడు. విల్లు కనిపించింది.

షుక్ర్ అంటే నాకు అర్థమైనంతలో ముందు ఇదే. ఉన్నదాన్ని చూడగలగడం. అరబీలో షుక్ర్‌కు ఎదురుగా నిలిచే మాట కుఫ్ర్. దాని ధాతువుకు కప్పిపెట్టడం అని అర్థం. విత్తనాన్ని మట్టితో కప్పే రైతుకు కూడా ఖుర్ఆన్‌లో ఒకచోట ఆ ధాతువు నుంచి వచ్చిన మాటే వాడారు. అంటే కృతఘ్నత అంటే థాంక్స్ చెప్పకపోవడం మాత్రమే కాదు, ఇచ్చిన దాన్ని కప్పిపెట్టి ఏమీ లేదనడం. మరి మనలో ఎంతమంది రోజూ అలా కప్పిపెట్టుకుంటున్నాం? నాకేమీ రాదు, నా వల్ల ఏమవుతుంది, నేనెంత అని అనుకోవడాన్ని వినయం అనుకుంటాం. అల్లాహ్ ఇచ్చిన చేతులను, నేర్పిన పనిని లేవని చెప్పడం వినయం ఎలా అవుతుంది?

ఆడవాళ్ళకు ఈ అలవాటు మరీ ఎక్కువ. 1991లోను, 2001లోను నేను జనాభా లెక్కలకు ఇంటింటికీ తిరిగాను. ఏం పని చేస్తారమ్మా అని అడిగితే నూటికి తొంభై మంది "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అనేవారు. అంటున్నప్పుడు ఒకామె చేతిలో చేట ఉంటుంది, ఇంకొకామె మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంటుంది, మూడో ఆమె గేదెకు కుడితి కలుపుతూ ఉంటుంది. ఇంటి పొలంలో గానీ వ్యాపారంలో గానీ కూలి లేకుండా చేసినా అది పనేనని, ఆడవాళ్ళను ఒకటికి రెండుసార్లు అడగాలని మాకు శిక్షణలో చెప్పేవారు. అడిగేదాన్ని. అయినా వంట, పిల్లలు, ముసలివాళ్ళ సేవ మాత్రమే చేసేవారిని పని చెయ్యనివాళ్ళ లెక్కలోనే వెయ్యాలి. ఫారం అంతే. అంతకు ముందు 1981లో మా ఇంటికి లెక్కలకు వచ్చిన ఆయనకు మా అమ్మ కూడా ఆ మాటే చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ఒళ్ళో పరుపు ఉంది, చేతిలో దబ్బనం ఉంది. నాన్న ఏకిన ప్రతి పరుపునూ కుట్టింది ఆమే. ఆయన పేరుకు ఎదురుగా వృత్తి రాసుకుని, ఆమెకు ఎదురుగా ఏమీ లేదని రాసుకుని వెళ్ళిపోయాడు. తప్పు ఆయనది కాదు, ఆమె చెప్పిందే రాశాడు.

ఇప్పుడు మన సొసైటీ సంగతికి వస్తాను. ఇది కొంచెం కష్టమైన మాట, పెద్దలు మన్నించాలి.

రెండేళ్ళ కిందట మా వీధిలోని ఒక అమ్మాయి మన సొసైటీకి దరఖాస్తు రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. ఫారంలో అడిగిందల్లా రాస్తూ పోయాను. సొంత ఇల్లు, లేదు. స్థిర ఆదాయం, లేదు. సంపాదించే మగవారు, లేరు. బంగారం, లేదు. పేజీ చివరికి వచ్చేసరికి ఆ అమ్మాయి కుర్చీలో ముడుచుకుపోయింది. సంతకం పెట్టమంటే కాగితం వైపు చూడలేకపోయింది. ఫారంలో లేకపోయినా నేను అడిగాను, నీకేం వచ్చమ్మా అని. "నాకేం వచ్చు మేడమ్" అంది. వదలకుండా అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మిర్చి సీజన్‌లో కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది. అసర్ నమాజు తర్వాత వీధి పిల్లలకు ఖాయిదా, ఖుర్ఆన్ చదవడం నేర్పుతుంది. మా పేటలో ఆడవాళ్ళు ఎవరు చనిపోయినా, అర్ధరాత్రయినా సరే, గుస్ల్ ఇవ్వడానికి కబురు వెళ్ళేది ఆమెకే. ఒక్క పైసా తీసుకోదు. "అది సవాబు పని కదా మేడమ్, దాన్ని కూడా చెప్పుకుంటారా" అంది.

ఈ వేదిక మీద ఉన్న ఇద్దరి ఇళ్ళలో పెద్దావిళ్ళకు చివరి స్నానం చేయించింది ఆ అమ్మాయే. ఆ సంగతి రాయడానికి మన ఫారంలో గడి లేదు.

ప్రవక్త (స) వారి మస్జిద్‌ను ఊడ్చే ఒక మహిళ ఉండేది. కొన్నాళ్ళు కనిపించకపోతే ఆయనే ఆరా తీశారు. చనిపోయిందన్నారు. చిన్న విషయం కదా అని సహచరులు ఆయనకు చెప్పలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి ఎక్కడో చూపమని, అక్కడికి వెళ్ళి ఆమె కోసం నమాజు చేశారు. చిన్న విషయం అని ఎవరు అనుకున్నారో, ఎవరు అనుకోలేదో చూడండి.

సొసైటీ ఆ అమ్మాయికి నెల నెలా సాయం మంజూరు చేసింది. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. పిల్లల ఫీజులు దానితోనే కడుతోంది. కానీ ఇవాళ ఆమె రాలేదు. పిలిచాను. "స్టేజీ ఎక్కి నిలబడమంటారేమో మేడమ్, పెద్దోడు చూస్తాడు" అంది. ఆ పెద్దోడు ఇప్పుడు ఆరో తరగతి.

దాతలు ఎందుకు ఫొటోలు అడుగుతారో నాకు తెలుసు. డబ్బు ఎక్కడికి వెళ్ళిందో వాళ్ళకు తెలియాలి. లెక్క చెప్పాల్సిందే. లెక్క రశీదులో ఉంటుంది, ఆడిట్‌లో ఉంటుంది. బిడ్డ ముఖం మీద ఉండనక్కర్లేదు. ఎత్తిపొడిచి, మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండని బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. నున్నటి బండ మీది మట్టి ఒక్క పెద్ద వానకు కొట్టుకుపోయినట్టు ఆ దానం పోతుందన్న పోలిక అక్కడే ఉంది. పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టి, మీ నుంచి బదులు గానీ కృతజ్ఞత గానీ కోరడం లేదనేవారి ప్రస్తావన ఇన్సాన్ సూరాలో ఉంది. అంటే కృతజ్ఞత తీసుకునేవాడు ఇష్టంతో ఇచ్చేదే గానీ, ఇచ్చేవాడు వసూలు చేసుకునేది కాదు.

ఇంకో సంగతి. షుక్ర్ చెయ్యమ్మా అని చెప్పి మనం చాలామంది నోళ్ళు మూయిస్తుంటాం. అద్దె కట్టలేనివాడితో, మందులు కొనలేని ముసలివాడితో, అత్తవారింట్లో దెబ్బలు తింటున్న పిల్లతో కూడా అదే మాట. నీకంటే కింద ఉన్నవాళ్ళను చూడు అని. అవును, లోకం విషయంలో మనకంటే కింద ఉన్నవారిని చూడమని హదీసులో ఉంది. ఎందుకో కూడా అక్కడే ఉంది, మన మీద ఉన్న అల్లాహ్ అనుగ్రహాన్ని మనం తక్కువ చేసుకోకుండా ఉండడానికి. అది ఎవరికి వారు చెప్పుకోవాల్సిన మాట. నిండు కడుపుతో ఉన్నవాడు ఆకలితో ఉన్నవాడికి చెప్పే మాట కాదు. కింద ఉన్నవాడిని చూసి హమ్మయ్య అనుకోవడానికీ కాదు. చూశాక చెయ్యి అందించకపోతే ఆ చూపు ఎందుకు? ఆ అన్సారీకి ఒక దిర్హమ్ తిండికి ఇచ్చాకే గొడ్డలి మాట వచ్చిందని ఇందాక చెప్పాను కదా.

పిల్లలూ, మీతో ఒక మాట. ఇవాళ మీరు తీసుకునే చెక్కులో ఎక్కువ భాగం జకాత్ సొమ్ము. ఉన్నవారి సంపదలో నలభయ్యో వంతు. అందులో అడిగేవారికి, అడగలేనివారికి హక్కు ఉందని మఆరిజ్ సూరా అంటుంది. హక్కు అన్నాక బిచ్చం కాదు. మీరు తీసుకోకపోతే వాళ్ళ ఫర్జ్ తీరదు. కాబట్టి తల ఎత్తి తీసుకోండి. తీసుకుని, ఇచ్చినవారికి జజాకల్లాహు ఖైరన్ అనండి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ చూపనట్టేనని ప్రవక్త (స) చెప్పారు. ఆ మాటకు అర్థం తెలుసా? అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలని దుఆ. అంటే వాళ్ళు మీకు చెక్కు ఇస్తున్నారు, మీరు వాళ్ళకు దుఆ ఇస్తున్నారు. వట్టి చేతులతో ఎవరూ ఇంటికి వెళ్ళడం లేదు. ఫోన్లలో స్టేటస్‌లు చూసుకుని, వాడికి బైకు ఉంది, దీనికి ల్యాప్‌టాప్ ఉంది అని రాత్రిళ్ళు కుమిలిపోయే వయసు మీది. నేను వద్దంటే మానరు. చూసినప్పుడు మాత్రం ఒక్కసారి మీ ఇంట్లో ఏముందో కూడా చూసుకోండి.

షమాయిల్‌లో తిర్మిజీ రాసిన జాహిర్ (రజి) సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఎడారి పల్లెవాసి. చూడటానికి అందగాడు కాదు. మదీనాకు వచ్చినప్పుడల్లా ఎడారిలో దొరికేవి ప్రవక్త (స) వారికి కానుకగా తెచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రవక్త (స) పట్టణంలో దొరికేవి కట్టి పంపేవారు. ఇతను మనకు పల్లె, మనం ఇతనికి పట్టణం అనేవారట. ఒకరోజు జాహిర్ బజారులో సరుకు అమ్ముకుంటుంటే ప్రవక్త (స) వెనక నుంచి వచ్చి గట్టిగా వాటేసుకున్నారు. ఎవరది, వదలండి అన్నాడు. తిరిగి చూసి, ఎవరో తెలిశాక, వీపును ఆయన ఛాతీకి ఇంకా ఆనించాడు. ఈ దాసుడిని ఎవరు కొంటారు అని ప్రవక్త (స) సరదాగా కేక వేశారు. నేనెవరికి పనికొస్తాను, నన్ను అమ్మితే మీకేం రాదు అన్నాడు జాహిర్. అల్లాహ్ దగ్గర నీ ధర తక్కువేమీ కాదన్నారు ప్రవక్త (స).

ఆయన వేసిన కేక సరదాకే. కానీ బజారులో, నలుగురి ముందు, ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట మాత్రం సరదా కాదు. తన గురించి తాను నిజంగా అనుకుంటున్నదే అన్నాడు. జవాబు కూడా నలుగురి ముందే వచ్చింది.

ఈ సంవత్సరం దరఖాస్తు ఫారాలు ఇంకా అచ్చుకు వెళ్ళలేదని కార్యదర్శి గారు ఇందాక చెప్పారు. నాది ఒక్కటే మనవి. ఇల్లు లేదు, ఆదాయం లేదు అని రాయించే గడులు ఉండనివ్వండి, అవి కావాలి. వాటి పైన, మొట్టమొదటి గడిలో, మీకు ఏం వచ్చు, ఇప్పుడు ఎవరికి ఏం చేస్తున్నారు అని అడగండి. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టడానికి నేను ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు వస్తాను. ఇక ఆ అమ్మాయి చెక్కు నా చేతికివ్వండి, సాయంత్రం ఇంటికి వెళ్ళి ఇచ్చి వస్తాను. మీలో ఎవరైనా వస్తానంటే రండి, అసర్ తర్వాత అయితే పిల్లలు చదువుతుంటారు.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.